ఆరోగ్యశ్రీ కట్టిన బిల్లు సిగరెట్ కంపెనీ దగ్గర రాబట్టలేమా?

గుంటూరు, అరండల్‌పేట నుంచి:
మా నాన్నకి గొంతు క్యాన్సర్ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయింది. మా చేతి నుంచి పోయింది ఆటోలకీ, బయట మందులకీ. డిశ్చార్జి కాగితంలో "రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు, ముప్పై ఏళ్లుగా" అని డాక్టరే రాశాడు. జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో సర్కారుకి తెలుసు, బిల్లూ సర్కారే కట్టింది. అమెరికాలో రాష్ట్రాలు ఇలాంటి డబ్బు కంపెనీల దగ్గర గుంజాయట కదా. మనవాళ్లు ఎందుకు కేసు వేయరు? "ఎవడు తాగమన్నాడు" అని మాత్రం అనకండి, దానికి మా మేనత్త ఉంది.

విజయవాడ వకీలు:
మీ మేనత్తగారి మాటతోనే అక్కడి కంపెనీలు దశాబ్దాలు కేసులు గెలిచాయండీ. 1994లో మిసిసిపీ రాష్ట్రం దారి మార్చింది. తాగింది నేను కాదు, పేదల వైద్యానికి మెడికెయిడ్ కింద కట్టింది మాత్రం నేను, అది కక్కండి అంది. దాంతో వాళ్ల వాదన పనికిరాకుండా పోయింది. 1998 నవంబరులో 46 రాష్ట్రాలతో రాజీకొచ్చారు, 25 ఏళ్లలో 20,600 కోట్ల డాలర్లు. అక్కడి కేంద్రం 1999లో వేసిన కేసులో కంపెనీలు జనాన్ని మోసం చేశాయని 2006లో జడ్జి గ్లాడిస్ కెస్లర్ తేల్చారు, కానీ పాత లాభాలు రాబట్టడం కుదరదని పైకోర్టు అప్పటికే అనేసింది.

ఒంగోలు దగ్గర బ్యారన్ (పొగాకు ఆకు కాల్చే కొట్టం) ఉన్నవాణ్ణి:
అన్నా, ఇక్కడ వేసేదెవరు? సర్కారు పొగాకు బోర్డు మీ గుంటూరులోనే ఉంది, వేలం నడిపేది అదే. సిగరెట్లు చేసే ఐటీసీలో సర్కారు ఎల్ఐసీకి పెద్ద వాటా. 2025లో బర్లీ రకం పొగాకు కొనే దిక్కులేకపోతే తన సహకార సంస్థ మార్క్‌ఫెడ్‌తో రాష్ట్రమే కొనిపించింది. పైగా ఆ అమెరికా డబ్బు ఎవరిది? కంపెనీలు పెట్టె రేటు పెంచి తాగేవాడి దగ్గరే లాగాయి.

గుంటూరు:
రేటు సంగతి ఒప్పుకుంటా తమ్ముడూ. కానీ పొగాకు పండించే కెంటకీ, నార్త్ కరోలినా కూడా ఆ రాజీలో సంతకం పెట్టాయి. రైతుల కోసం విడిగా 515 కోట్ల డాలర్ల నిధీ పెట్టించుకున్నారు. మీకూ అలా ఇప్పిస్తే?

ఒంగోలు:
చేతికిస్తే పంట మార్చేస్తాం. బ్యారన్ అప్పు ముందు తీరాలి.

విజయవాడ వకీలు:
కేసు వేయాలంటే పొగాకు జబ్బులకి ఆరోగ్యశ్రీ ఎంత కట్టిందో లెక్క కావాలి. ముందు అది ఆర్టీఐలో అడగండి, దరఖాస్తు నేను రాసిపెడతాను.