డిజైన్ విద్యార్థుల చేత తమ ప్రకటనను తామే చేయించడం ఎలా?

నల్లగొండ అధ్యాపకుడు (ప్రశ్న)

నల్లగొండలోని ఒక ప్రైవేటు కళాశాలలో గ్రాఫిక్ డిజైన్ డిప్లొమా విద్యార్థులకు ప్రకటనల రూపకల్పన బోధిస్తున్నాను. చివరి సెమిస్టరులో ప్రతి విద్యార్థీ ఉద్యోగం ఇవ్వగల ఒక సంస్థకు తనను తాను పరిచయం చేసుకుంటూ ఏ4 సైజులో ఒక పేజీ ప్రకటన తయారు చేయాలి. సబ్బుకో, విత్తనాల కంపెనీకో ప్రకటన చేయమంటే ఉత్సాహంగా చేసే పిల్లలే తమ గురించి చేయమనేసరికి బిగుసుకుపోతున్నారు.

వచ్చిన పనుల్లో ఎక్కువ భాగం పుట్టినరోజు ఫ్లెక్సీలను తలపిస్తున్నాయి. మధ్యలో నిలువెత్తు ఫొటో, వెనుక వెలుగు కిరణాలు, పైన బంగారు రంగు అక్షరాల్లో పేరు, కింద 'క్రియేటివ్', 'హార్డ్ వర్కింగ్', 'టీమ్ ప్లేయర్' అనే మాటలు. మిగిలినవారు కోరల్‌డ్రా, ఫొటోషాప్, ఇలస్ట్రేటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌ల గుర్తులను వరుసగా పేర్చి, ఒక్కోదాని పక్కన 90 శాతం, 85 శాతం అని పట్టీలు గీశారు. ఫొటోషాప్ 90 శాతం వచ్చు అంటే రానిది ఏ పది శాతమని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు.

వీరిలో చాలామంది దేవరకొండ, మునుగోడు, నకిరేకల్ వైపు పల్లెల నుంచి వచ్చినవారు, ఇంట్లో కళాశాల గడప తొక్కిన మొదటివారు. తమ గురించి తాము చెప్పుకోవడమంటే సొంత డబ్బా కొట్టుకోవడమేనన్న భావన వారిలో బలంగా ఉంది. "మా గురించి చెప్పుకోవడానికి ఏముంది సార్?" అని ఒక విద్యార్థి అడిగినప్పుడు, సూత్రాలు వల్లించడం తప్ప పనికొచ్చే జవాబు నా దగ్గర లేదనిపించింది. ఈ అభ్యాసాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి? కొందరు అమ్మాయిలు ఫొటో వేసుకోవడానికి ఇష్టపడడం లేదు, వారిని బలవంతపెట్టడం సబబేనా? మార్కులు దేనికి వేయాలి? ఈ రంగంలో ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

ఏజెన్సీ ఆర్ట్ డైరెక్టర్, హైదరాబాద్

సార్, మాది మిర్యాలగూడ. ఉద్యోగరీత్యా ఇలాంటి ప్రకటనలను అందుకునే వైపు ఉన్నాను కాబట్టి ఆ వైపు నుంచే చెబుతాను.

మీ విద్యార్థులు 'నేను ఎవరిని?' అన్న ప్రశ్నతో మొదలుపెడుతున్నారు. ఇరవై ఏళ్ల వయసులో ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరైనా విశేషణాలే దొరుకుతాయి. ముందు ఈ కాగితాన్ని ఎవరు చదువుతారో రాయించండి. 'ఏదైనా మంచి కంపెనీ' అంటే ఒప్పుకోవద్దు. సూర్యాపేటలో పెళ్లి పత్రికలు వేసే ప్రెస్సు యజమానా, హైదరాబాద్‌లో ప్యాకేజింగ్ డిజైన్ చేసే స్టూడియోనా, పిల్లల పాఠాలకు బొమ్మలు వేయించుకునే ఆన్‌లైన్ సంస్థా? ఆ మనిషికి రోజూ తలనొప్పి తెచ్చే పని ఏమిటి, అందులో ఏ ఒక్కదాన్ని ఈ విద్యార్థి తగ్గించగలడు అన్నది తేలితే ప్రకటనకు కావలసిన ముడిసరుకు దొరికినట్లే. సబ్బు ప్రకటనలో కొనేవారి అవసరం గురించి మీరు చెప్పిన పాఠమే ఇక్కడా వర్తిస్తుంది, సరుకు ఒక్కటే మారింది.

ఆ తరువాత ఒక్క మాట మీద నిలబడమనండి. అమెరికా ప్రకటనల రంగంలో రాసర్ రీవ్స్ 1940ల నుంచి పట్టుబట్టి చెప్పినది ఇదే: ప్రకటన కొనేవారి ముందు ఒక నిర్దిష్టమైన ప్రతిపాదన పెట్టాలి, అది పోటీదారులు ఇవ్వలేనిదో, ఇవ్వజూపనిదో అయి ఉండాలి. తరగతిలో దీన్ని పరీక్షించడానికి తేలికైన మార్గం ఉంది. ప్రకటనలో పేరు చెరిపి పక్క బెంచీ విద్యార్థి పేరు రాయండి. అప్పటికీ ప్రకటన చెక్కుచెదరకుండా నిలిచిందంటే అది ఇంకా ఎవరిదీ కాదని అర్థం. 'క్రియేటివ్', 'హార్డ్ వర్కింగ్' ఈ పరీక్షలో మొదటే రాలిపోతాయి.

చెప్పుకోవడానికి ఏముందని అడిగిన విద్యార్థి కోసం ఒక ఉదాహరణ. మా ఊరి చుట్టూ రైస్ మిల్లులే. ఆ వాతావరణంలో పెరిగిన పిల్లవాడికి బియ్యం సంచి మీది అచ్చు గురించి నగర విద్యార్థికి తెలియని విషయాలు తెలుస్తాయి. నేసిన ప్లాస్టిక్ సంచి మీద సన్నని గీత అతుక్కుపోతుంది, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోక పక్కకు జరుగుతుంది, సంచి నిండాక ఉబ్బి మధ్యలోని బొమ్మ సాగినట్లు కనిపిస్తుంది, కుట్టిన చోట పై వరుస అక్షరాలు మడతలోకి పోతాయి. 2022 జులైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాక్ చేసిన బియ్యంపై 5 శాతం జీఎస్టీ వచ్చాక మార్కెట్లో 26 కిలోల సంచులు ఎందుకు కనిపించాయో కూడా అతనికి తెలిసే ఉంటుంది. ఈ విద్యార్థి తన ప్రకటనను రెండే రంగుల్లో, నిండిన సంచి ముఖం లాగా చేసి, 'నిండాక కూడా చదవగలిగేలా డిజైన్ చేస్తాను' అని ఒక్క వాక్యం రాసి ప్యాకేజింగ్ స్టూడియోకు పంపితే, నేనైతే ఆ రోజే ఫోన్ చేస్తాను.

అనుభవం తక్కువనే బెంగకు కూడా ప్రకటనల చరిత్రలో జవాబుంది. అమెరికాలో కార్లు అద్దెకిచ్చే ఏవిస్ సంస్థకు 1962లో డాయిల్ డేన్ బెర్న్‌బాక్ ఏజెన్సీ చేసిన ప్రచారం తాము రెండో స్థానంలో ఉన్నామని దాచకుండా ఒప్పుకుని, అందుకే ఎక్కువ కష్టపడతామని చెప్పింది. ఆ ప్రకటనలను తరగతిలో చూపించి చర్చ పెట్టండి.

ఫ్లెక్సీ ప్రింటింగ్, మహబూబ్‌నగర్

అధ్యాపకుల వారికి నమస్కారం. పాలమూరులో ఫ్లెక్సీ, ఆఫ్‌సెట్ పనులు చేసే దుకాణం నడుపుతున్నాను. ముందుగా ఒక చిన్న అభ్యంతరం. పుట్టినరోజు ఫ్లెక్సీని అంత తేలికగా తీసిపారేయకండి. బండి మీద వెళ్లేవాడికి ముఖం, పేరు, సందర్భం రెండు మూడు క్షణాల్లో అందాలి, అది అందిస్తుంది. దాన్ని ఏ4 కాగితంలోకి, తీరిగ్గా కూర్చుని చూసే మనిషి ముందుకు తెచ్చినప్పుడే అది అతకదు. ఈ తేడా పిల్లలకు చెబితే తమ ఊళ్లో చూసి నేర్చుకున్నదాన్ని చిన్నచూపు చూడకుండానే బయటపడతారు.

ఇక నా దగ్గర పని కోసం వచ్చేవారి సంగతి. నాకు కావలసినది తెలుగును తప్పు లేకుండా, తొక్కుకోకుండా పేర్చగలవాడు. ఇంగ్లీషుకు పెట్టే వరుసల దూరమే తెలుగుకూ పెడితే, పై వరుసలోని 'స్త్రీ', 'రాష్ట్ర' వంటి మాటల ఒత్తులు దిగివచ్చి కింది వరుసలోని గుడులకు తగులుతాయి. పెళ్లి పత్రికలో వధువు పేరు మీద అలా జరిగితే ఆ పార్టీ మళ్లీ మా గడప ఎక్కదు. 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో కొట్టిన మ్యాటరును, అన్ని సిస్టమ్‌లకూ ఒకటే అయిన యూనికోడ్‌లోకి మార్చకుండా ఇంకో సిస్టమ్‌లో తెరిచి పిచ్చి గీతలు వచ్చాయని కంగారుపడేవారు ఎంతమందో. అదే మండలి, రామభద్ర, సురన్న వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయని చాలామందికి తెలియదు.

ఎవరైనా ఒక విద్యార్థి ఎడమవైపు తొక్కుకున్న పత్రిక, కుడివైపు తాను సరిచేసిన పత్రిక పెట్టి, కింద ఫోన్ నంబరు రాసి నాకిస్తే ఆ కాగితంలో మరో మాట అవసరం లేదు. ఆ కాగితం కూడా కట్ చేసే అంచుకు బయట 3 మిల్లీమీటర్ల బ్లీడ్ వదిలి, రంగులను అచ్చుకు వాడే సీఎంవైకేలో, ఫొటోలను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఉంచి, ఫాంట్లను కర్వ్స్‌గా, అంటే గీతల బొమ్మలుగా మార్చి ఇస్తే అతని గురించి నాకు తెలియవలసినది అక్కడే తెలిసిపోతుంది. మార్కులు వేసేటప్పుడు దయచేసి ఫైలు కూడా తెరిచి చూడండి.

గద్వాల టీచర్

నేను ఇంటర్ తరువాత వృత్తి శిక్షణకు వచ్చే అమ్మాయిలకు డిజైన్ చెబుతాను. పై ఇద్దరు చెప్పినవాటిలో చాలావరకు ఏకీభవిస్తూనే, ఏవిస్ ఉదాహరణ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరమంటాను. దేశమంతా శాఖలున్న కంపెనీ తాను రెండో స్థానంలో ఉన్నానని చెప్పుకుంటే అది ధీమాగా వినిపిస్తుంది. పల్లె నుంచి వచ్చిన అమ్మాయి 'నాకు అనుభవం లేదు, కానీ కష్టపడతాను' అని రాస్తే అది అర్జీ లాగా వినిపిస్తుంది. కష్టపడతానన్న మాట విని తక్కువ జీతం ఇవ్వజూపేవారు మన దగ్గర తక్కువేమీ కాదు.

ఇంకో ప్రమాదం కూడా చూశాను. మా విద్యార్థుల్లో నేత కుటుంబాల పిల్లలుంటారు. వారి చేత మగ్గం ముందు కూర్చున్న తల్లి ఫొటో పెట్టించి, కష్టాల కథ రాయించడం బోధించేవారికి సులువు, చూసేవారికి కూడా కళ్లు చెమరుస్తాయి. పని మాత్రం దొరకదు. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును, కొంగును విడిగా కలుపుతారు, ఆ కలిపిన గీత కనిపించకూడదు. మీ జిల్లా పక్కన పోచంపల్లిలో అయితే డిజైన్‌ను ముందే గ్రాఫ్ కాగితం మీద గీసుకుని, నేయకముందే దారాలను కట్టి రంగులో ముంచుతారు, ఒక్క ముడి తప్పితే బొమ్మ చెదురుతుంది. చిన్నప్పటి నుంచి ఆ లెక్క చూసిన అమ్మాయికి గ్రిడ్ (పేజీని గళ్లుగా విభజించుకునే గీతల చట్రం) గురించి మనం కొత్తగా నేర్పేదేముంది? ప్రకటనలో ఆమె గ్రిడ్‌ను చూపించాలి, ఇంటి పరిస్థితిని ఆమె చెప్పుకోదలిస్తే చెప్పుకుంటుంది, లేకపోతే లేదు.

మొదలుపెట్టడానికి నేను చేసే పని ఇది: విద్యార్థులను జతలుగా విడదీస్తాను, వారు ఒకరికొకరు క్లయింటు, డిజైనరు అవుతారు. డిజైనరు ప్రశ్నలు అడగాలి: నీ దగ్గరకు తరగతిలో ఎవరు ఏ సాయం కోసం వస్తారు? ఏ పని చేస్తూ అన్నం సంగతి మరిచిపోయావు? ఇతరుల పనిలో ఏ తప్పు నీ కంటికి ముందుగా ఆనుతుంది? మూడో ప్రశ్నకు వచ్చే జవాబులు అన్నిటికన్నా పనికొస్తాయి. ఒక అమ్మాయి, దుకాణాల బోర్డుల మీద అక్షరాల మధ్య ఎడం ఎక్కువ తక్కువలైతే చూడలేనని చెప్పింది. తన గురించి తాను అలా ఎప్పుడూ అనుకోలేదు, పక్కన కూర్చున్న అమ్మాయి అడిగాకే తెలిసింది. మొదటి ముసాయిదాను స్నేహితురాలు రాస్తుంది కాబట్టి సొంత డబ్బా అన్న సంకోచం కూడా చాలావరకు తగ్గుతుంది. తుది రూపం మాత్రం ఎవరిది వారే చేసుకోవాలి.

ఫొటో తప్పనిసరి చేయవద్దని నా గట్టి అభిప్రాయం. అమ్మాయి ఫొటో, ఫోన్ నంబరు కలిసి ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయో మన చేతుల్లో ఉండదు. చేసిన పనే ముఖంగా ఉండాలి, నంబరుకు బదులు ఈ పని కోసమే తెరిచిన ఈమెయిల్ ఇవ్వవచ్చు.

ఏజెన్సీ ఆర్ట్ డైరెక్టర్, హైదరాబాద్

మేడమ్ లేవనెత్తిన అంశం సరైనదే, దానికి ఒక వివరం చేరుస్తాను. ఏవిస్ ప్రకటనలు ఒప్పుకోలుతో ఆగలేదు. మురికి యాష్‌ట్రేలు, సగం ఖాళీ ట్యాంకులు, అరిగిన వైపర్లు తమకు గిట్టుబాటు కావని కిందే చెప్పాయి, అంటే కస్టమరుకు చేతికందేది ఏమిటో చెప్పాయి. ఆ రెండో సగం రాయలేని విద్యార్థి మొదటి సగం రాయకూడదు. 'అనుభవం లేదు' అన్న వాక్యం తరువాత 'అందుకే మీరు అడిగిన రోజున మూడు నమూనాలు ఇస్తాను' వంటి, నిలబెట్టుకోగల మాట రాకపోతే ఆ వాక్యాన్ని కొట్టేయించండి.

నల్లగొండ అధ్యాపకుడు

అందరికీ ధన్యవాదాలు. చదివేవారి పేరు, వారి అవసరం, విద్యార్థి ఇచ్చే ఒక్క మాట, దానికి రుజువు, ఈ నాలుగూ రాసిచ్చాకే కంప్యూటరు ముందు కూర్చోవాలని నియమం పెడుతున్నాను. శాతాల పట్టీలు ఇక ఉండవు. భారత ప్రకటనల ప్రమాణాల మండలి, అంటే 1985 నుంచి ఉన్న ఆస్కీ, ప్రకటనలో చేసిన వాదనకు ఆధారం చూపగలగాలని కంపెనీలను అడుగుతుంది. అదే నియమం మా తరగతిలోనూ అమలవుతుంది. ఎవరైనా 'నంబర్ వన్' అని రాస్తే ఎవరిలో, ఎప్పుడు, ఎవరు లెక్కించారని మిగతావారు అడుగుతారు. మార్కుల్లో సగం మాట, రుజువులకు, మిగతా సగం రూపకల్పనకు, ఫైలుకు. ఫొటో ఐచ్ఛికం.

ఒక సందేహం మిగిలింది. ఇంత శ్రమపడి చేసిన పేజీని విద్యార్థులు చివరకు వాట్సాప్‌లోనే పంపుతారు. ప్రెస్సు కోసం చేసిన ఏ4 అక్కడ పనికొస్తుందా? తెలుగులో ఉండాలా, ఇంగ్లీషులోనా?

ఫ్లెక్సీ ప్రింటింగ్, మహబూబ్‌నగర్

ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి చిన్న అక్షరాలను మసకబరుస్తుంది. పీడీఎఫ్ చేసి డాక్యుమెంటుగా పంపమనండి, దానికి రంగులు తెరకు వాడే ఆర్‌జీబీలో ఉన్న వేరే కాపీ చేయాలి. ప్రెస్సు కాపీ నేరుగా పంపితే కొన్ని ఫోన్లలో రంగులు చచ్చినట్లు కనిపిస్తాయి. పంపేముందు చిన్న ఫోన్‌లో తెరిచి, వేళ్లతో పెద్దది చేయకుండా హెడ్డింగు చదవగలిగితే చాలు. భాష సంగతి అంటారా, ఎవరికి పంపుతున్నారో వారిదే. మా దుకాణానికి పంపేవారు మాత్రం తెలుగులోనే పంపాలి, లేకపోతే వారికి ఒత్తులు పెట్టడం వచ్చో రాదో నాకెలా తెలుస్తుంది?