చీనీ (బత్తాయి) తోటలో ఉప్పు: జిప్సం వేయాల్నా, నీళ్లు ఎక్కువ వదలాల్నా?

తాడిపత్రి_చీనీ:
ఎర్రనేల, కాపు మీదుండే చీనీ తోట. డ్రిప్ రోజూ వదుల్తానే ఉన్నా, డ్రిప్పర్ కింద మట్టి పిడికిట పడితే ముద్దవుతాంది, అయినా మధ్యాన్నానికి చెట్టు బెట్టకొచ్చినట్టు వడలతాంది, ముదురాకుల కొసలు మాడినాయి. తడి ఆగేకాడ అంచు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంటాంది. బోరు నీళ్ల ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 2. మందుల షాపాయన జిప్సం అంటాడు, పక్క తోటాయన ఇంకో గంట నీళ్లు వదలమంటాడు.

నంద్యాల_నల్లరేగడి:
జిప్సమే. మా మడికి జిప్సం ఏసి, నీళ్లు కట్టి, జీలుగ కలియదున్నినాకే వరి పండింది.

ధర్మవరం_ఉప్పుబోరు:
అన్నా నీది కారు చౌడు. పీహెచ్ 8.5 దాటి, సోడియం పట్టి నేల బండలా బిగిసినకాడ జిప్సంలో కాల్షియం సోడియాన్ని తోసేస్తాది, కరెక్టే. ఈయనది తెల్లగా తేలే ఉప్పు, జిప్సం కూడా ఇంకో ఉప్పేగదా. మట్టి తడిగానే ఉంటాది గానీ అందులో ఉప్పు ఎక్కువైతే వేరు ఆ నీళ్లను లాక్కోలేదు, అందుకే తడిలోనే బెట్ట. చెట్టు తాగేది నీళ్లే, ఉప్పులో ఎక్కువ భాగం పాదులోనే మిగులుతాది. ఈసీ 2 అంటే లీటరుకు సుమారు 1.28 గ్రాములు, చెట్టుకు రోజుకు 50 లీటర్లు వదిలితే 64 గ్రాములు, నెలకు దగ్గరదగ్గర 2 కేజీలు, ఒక్క పాదులో! రోజూ కాస్త కాస్త వదిలితే అది దిగదు. అప్పుడప్పుడు ఒక పెద్ద తడి ఇచ్చి వేర్ల కిందికి తోయాల.

కదిరి_మెట్ట:
పెద్ద తడికి నీళ్లు యాడ్నుంచి తెస్తావు సామీ? మన అనంతపురంలో ఏడాదంతా కలిపి వాన 550 మిల్లీమీటర్లు, బోర్లు గ్యాప్ ఇచ్చి పోస్తాండాయి. వాన నీళ్లు కుంటలో పట్టి బోరు నీళ్లలో కలుపుకోవడమే దారి. ఇంకోటి, చిన్న వానకు డ్రిప్ ఆపద్దు, ఆపితే అంచునుండే ఉప్పు వాన నీళ్లతో మళ్లీ వేర్ల మీదికి దిగుతాది, వాన పడతాంటే మోటరేసినాడని నవ్వేటోళ్లను నవ్వనీ.

నంద్యాల_నల్లరేగడి:
నీళ్లు నీళ్లు అనేటోళ్లు కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) కింద పల్లపు మడి చూడండి, మురుగు పోయే దారి లేక అడుగు నీళ్లు పైకొచ్చి ఉప్పును కూడా పైకి తెచ్చినాయి. కడిగిన ఉప్పు యాడికి పోవాల?

ధర్మవరం_ఉప్పుబోరు:
నల్లరేగడికి అది నిజమే, మురుగు కాలువ తీయకుండా కడగొద్దు. ఎర్రనేల అడుగున గట్టి పొర లేకపోతే దిగిపోతాది. తమ్ముడూ, మట్టి టెస్టు చేయించినావా?

తాడిపత్రి_చీనీ:
చేయించినా. పీహెచ్ 8.0, ఈసీ 1.4. కింద "నార్మల్" అని రాసిచ్చినారు.

ధర్మవరం_ఉప్పుబోరు:
ఎవురికి నార్మల్? పత్తికైతే ఈసీ 7.7 దాకా ఫరవాలేదు, వేరుశనగకు 3.2 దాకా, చీనీకి 1.7 దాటితే చాలు, దిగుబడి తగ్గడం మొదలు. పైగా ఈ లెక్కలు మట్టిని ముద్ద చేసి పిండిన నీళ్లవి. మన ల్యాబుల్లో మామూలుగా మట్టికి రెండింతలో రెండున్నరింతలో నీళ్లు కలిపి చూస్తారు, ఉప్పు పలచబడి తక్కువ చూపిస్తాది. నీది అట్ల తీసిన 1.4 అయితే చీనీకి హద్దు దాటినట్టే. అంటు ఏ నిమ్మ వేరు మొక్కమీద కట్టినారు, జంబేరీనా రంగపూరా?

తాడిపత్రి_చీనీ:
నర్సరీలో రంగపూర్ అని చెప్పే ఇచ్చినారు. డ్రిప్‌లో ఎర్ర పొటాష్ వదుల్తాండా.

కదిరి_మెట్ట:
రంగపూర్ అయితే జంబేరీ కంటే ఉప్పుకు ఓర్చుకుంటాది. ముందు ఆ ఎర్ర పొటాష్ ఆపు, అందులో క్లోరైడే, ఆకు కొసలు దానికి ఇంకా మాడతాయి. సల్ఫేట్ పొటాష్ రేటెక్కువే, కానీ అదే వాడు.

నంద్యాల_నల్లరేగడి:
సరే, పీహెచ్ 8.0కి జిప్సం దండగే, ఒప్పుకుంటా. కానీ పెద్ద తడి ఇచ్చే ముందు పాదు పక్కన రెండడుగులు తవ్వి గట్టి పొర ఉందేమో చూడు, ఫోటో ఈడ పెట్టు.