చైనీస్ హోటల్ నేపథ్యంలో ఇద్దరు కుర్రాళ్ల ప్రేమకథ: ఇంట్లోవాళ్లకు తెలిసే ఘట్టం ఎలా రాయాలి?

ప్రశ్న: మారేడ్‌పల్లి_కలం

నమస్కారం. డిగ్రీ చదివే వయసు పాఠకుల కోసం ఒక చిన్న నవల రాస్తున్నాను. మూడొంతులు పూర్తయింది, ముగింపు మాత్రం ఎటూ తెగడం లేదు.

కథ సికింద్రాబాద్‌లో నడుస్తుంది. చరణ్, మైఖేల్ ఇద్దరూ డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నారు, ఇద్దరికీ ఇరవై ఏళ్లు నిండాయి. చరణ్‌ది మారేడ్‌పల్లిలో స్థిరపడిన శాకాహార కుటుంబం; తండ్రి బ్యాంకు ఉద్యోగి, తల్లి ఇంటిపట్టునే ఉంటుంది, ఇంటర్ చదివే చెల్లెలు ఉంది. మైఖేల్ తాతగారు కోల్‌కతాలో చైనీయుల పేట అయిన టాంగ్రా నుంచి వచ్చిన, హక్కా అనే సముదాయానికి చెందిన చైనీయుడు. పార్క్ లేన్ దగ్గరి ఒక సందులో వాళ్లకు చిన్న హోటల్ ఉంది. సాయంత్రాలు మైఖేల్ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, రద్దీ పెరిగితే లోపలికి వెళ్లి కడాయి పడతాడు. చరణ్ తండ్రి ఆదివారాలు కుటుంబాన్ని అక్కడికి తీసుకొచ్చి, వెజ్ మంచూరియా చెప్పే ముందు "కడాయి వేరేనా?" అని ప్రతిసారీ అడుగుతాడు. పిల్లలిద్దరికీ పరిచయం అక్కడే మొదలవుతుంది.

మన ఊళ్లో ఇద్దరు మగపిల్లలు ప్రేమించుకుంటే వీధిలో దాక్కోవలసిన అవసరం అంతగా రాదని నా పరిశీలన. ఒకే బైకు మీద నెక్లెస్ రోడ్డంతా తిరిగినా, సంజీవయ్య పార్కులో భుజాల మీద చేతులు వేసుకుని కూర్చున్నా, మెట్రోలో ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయినా ఎవరూ తలతిప్పి చూడరు. అదే అబ్బాయీ అమ్మాయీ అయితే పది కళ్లు వెంటపడతాయి. కాబట్టి నా కథలో చిక్కంతా గడప లోపలే ఉంది.

చివరి అధ్యాయం చైనీస్ కొత్త సంవత్సరం ముందురోజు రాత్రి జరుగుతుంది. ఆ పండుగ జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య వస్తుంది గనుక, చరణ్ ఇంట్లో సంక్రాంతి ఘట్టం ముగిశాక దీన్ని పెట్టుకోవడం కుదిరింది. హోటల్ మూసేసి అందరూ కలిసి భోజనానికి కూర్చుంటారు, చరణ్‌ను కూడా పిలుస్తారు. మైఖేల్ తల్లి అతని కోసం విడిగా చేసిన టోఫూను (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) ఏమీ మాట్లాడకుండా అతని గిన్నెలో వడ్డిస్తుంది, నవల అంతటితో ముగుస్తుంది. ఆమె వడ్డించడమే ఒప్పుకోవడమని నా ఉద్దేశం. చిత్తుప్రతి చదివిన మిత్రుడు మాత్రం ఇది తేలిగ్గా తప్పించుకోవడమనీ, ఎవరో ఒకరు నోరు విప్పి తీరాలనీ అంటున్నాడు. మన ఇళ్లలో ఇలాంటి సంగతులు నిజంగా మాటల్లో తేలుతాయా? చైనీస్ వంటింటి పని తెలిసినవారు, ఇలాంటి జీవితాన్ని దగ్గరగా చూసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు: రెండో_కడాయి

సికింద్రాబాద్, అమీర్‌పేట వైపు చైనీస్ వంటిళ్లలో పనిచేసి, ఇప్పుడు సొంతంగా ఫాస్ట్‌ఫుడ్ సెంటర్ నడుపుతున్నాను. ముగింపు సంగతి పెద్దలు చెబుతారు, నేను వంటింటి సంగతి చెబుతాను.

రాత్రి ఎనిమిది నుంచి పదిన్నర వరకు ఆ వంటింట్లో ప్రేమ మాటలు పెట్టకండి. బర్నర్ హోరులో పక్కన నిలబడ్డవాడి గొంతు కూడా వినపడదు, ఆర్డర్లు చీటీల మీదా సైగల మీదా నడుస్తాయి. మాట్లాడుకోవడానికి వీలున్న వేళ మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలు. అప్పుడు నూడుల్స్ ఉడికించి, చన్నీళ్లు పోసి, నూనె పట్టించి పళ్లేల్లో ఆరబెడతారు. అన్నం పలుకుగా వండి ఫ్యాన్ కింద చల్లారుస్తారు, వేడన్నం కడాయిలో వేస్తే ముద్దయిపోతుంది. మంచూరియా ఉండలు కూడా ఆ వేళకే ఒక వాయి వేయించి పెట్టుకుంటారు. తురిమిన క్యాబేజీకి ఉప్పు పట్టించి, నీళ్లు గట్టిగా పిండి, మైదా, కార్న్‌ఫ్లోర్ కలిపి, ఒకరు ఉండ చుట్టి ఇస్తుంటే రెండోవారు నూనెలో వదులుతారు. ఇద్దరి చేతులూ జిడ్డుగా ఉంటాయి, ఫోన్ మోగినా ఎవరూ తీయలేరు, పని ఆపి లేచిపోవడానికీ వీల్లేదు. మీ కుర్రాళ్లు మొదటిసారి మనసు విప్పుకోవడానికి ఇంతకంటే అనువైన పని ఆ వంటింట్లో లేదని నా అభిప్రాయం.

ఇంకొక మాట. మంచూరియా ఆ కుటుంబం తినే తిండి కాదు. చికెన్ మంచూరియాను 1975లో ముంబైలో, కోల్‌కతాలో పుట్టిన నెల్సన్ వాంగ్ తయారుచేశారని చెబుతారు. పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి, సోయా సాస్ కలిపి మన నోటికి తగ్గట్టు కుదిర్చిన వంటకం అది. హోటల్ కుటుంబం గిరాకీ తగ్గాక, వెనక బల్ల మీద తెల్లన్నం, పలుచని సూపు, ఆవిరి మీద ఉడికించిన చేప, ఊరబెట్టిన ఆవాకుతో వండిన పంది మాంసం లాంటివి తింటుంది. ముందు హాల్లో ఆదివారాలు తినే చరణ్ మొదటిసారి వెనక బల్ల దగ్గరికి వెళ్లిన రోజును మీరు వదిలేయకూడదు.

తాతగారు ఎప్పుడు వచ్చారో కూడా తేల్చుకోండి. 1962 భారత్-చైనా యుద్ధం తర్వాత సుమారు 3,000 మంది చైనా సంతతివారిని విచారణ లేకుండా రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో నిర్బంధించారు, కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయారు. ఆయన ఆ కాలం చూసిన మనిషైతే, మనవడి విషయంలో ఆయన భయం పరువు గురించి ఉండదు. పోలీసుల కంట పడటం, ఇరుగుపొరుగు నోళ్లలో నానడం గురించి ఉంటుంది. 1996లో సుప్రీంకోర్టు ఆదేశంతో టాంగ్రాలో చైనీయులు నడిపే తోళ్ల కార్ఖానాలు ఊరి బయటికి కదలవలసి వచ్చాక బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చిన కుటుంబమైతే కథ ఇంకొకలా ఉంటుంది. అన్నట్టు, టాంగ్రాలోని చైనీస్ కాళీ గుడిలో నూడుల్స్ ప్రసాదంగా పెడతారు. చరణ్ వాళ్లమ్మతో మాట కలపడానికి మైఖేల్ తల్లికి ఇంతకంటే మంచి కబురు దొరకదు.

జవాబు: నలభై_దాటినవాడు

నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన గే పురుషుణ్ని. మీ మిత్రుడి మాటే సరైనదని నాకు అనిపిస్తోంది.

మన ఇళ్లలో అన్నం పెట్టడం చాలాసార్లు వినకుండా ఉండటానికి వాడుకునే పద్ధతి. మా అమ్మ నా భాగస్వామికి కారం తగ్గించి పప్పు విడిగా తీసిపెట్టేది, కొత్త ఆవకాయలో మొదటి ముద్ద అతనికే కలిపేది, పండక్కి గారెలు వేడివేడిగా అతని విస్తట్లోనే ముందు వేసేది. అదే వారం నా జాతకం పెళ్లిళ్ల పేరయ్య చేతికి ఇచ్చి పంపేది. ఆ రెండు పనుల్లోనూ ప్రేమ ఉంది, ఏదీ అబద్ధం కాదు. కాబట్టి తల్లి వడ్డించింది గనుక ఒప్పుకుందని మీరు రాస్తే, ఆ బల్ల దగ్గర ఏళ్లకేళ్లు కూర్చున్న నాబోటివాడు నమ్మడు.

మీ సంక్రాంతి ఘట్టం నేను చదవలేదు గానీ, అందులో చరణ్ తల్లి "నువ్వూ నా కొడుకులాంటివాడివే నాయనా" అని మైఖేల్‌తో అని ఉంటే, అది ఆప్యాయంగా తలుపు మూసేయడమేనని గుర్తుంచుకోండి. మన వరసల లెక్కలో ఇద్దరు ఒకసారి అన్నదమ్ములయ్యారంటే వాళ్లు ఇంకేమీ కావడానికి వీలుండదు. ఆ పైన చెల్లెలు కూడా అన్నయ్యా అని పిలవడం మొదలుపెడితే గడియ కూడా పడ్డట్టే. మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. ఒక్క మా బాబాయి కొడుకు మాత్రం ఒక పెళ్లిలో, అందరి ముందూ, అతన్ని బావా అని పిలిచాడు. స్నేహితులందరూ అలాగే పిలుచుకుంటారు గనుక ఎవరూ పట్టించుకోలేదు. వాడు తెలిసి అన్నాడా, ఊరికే అన్నాడా అని మేమిద్దరం ఇంటికొచ్చి తెల్లవారేదాకా వాదించుకున్నాం. కొత్త అల్లుడికి సంక్రాంతి నాడు జరిగే మర్యాదలన్నీ చూస్తూ అదే పంక్తిలో కూర్చునే మైఖేల్‌కు ఏ వరసా లేకపోవడం మీ కథకు అసలు గాయమని నా నమ్మకం.

కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో కూడా నిర్ణయించుకోండి. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్‌ను, వయోజనులు ఇష్టపూర్వకంగా పెట్టుకునే సంబంధాల మేరకు చెల్లదని తీర్పు చెప్పింది. అంతకుముందు జరిగే కథలో తండ్రి చేతిలో చట్టం అనే కర్ర ఉంటుంది. ఇప్పుడు ఆ కర్ర లేదు, కానీ 2023 అక్టోబర్ 17 నాటి తీర్పులో అదే కోర్టు స్వలింగ జంటల పెళ్లి హక్కును గుర్తించడానికి నిరాకరించింది గనుక, "రేపు మీకు ఏ కాగితం ఉంటుందిరా?" అని ఆయన అడగగలడు. ఆ కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాద్ జంటే, 2021 డిసెంబరులో ఇక్కడే బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్నవారు. చరణ్‌కు ఆ వార్త తెలియకుండా ఉండదు. తండ్రి "డాక్టరుకు చూపిద్దాం" అనే ఘట్టం పెట్టదలిస్తే, ఆ డాక్టరు ఇది జబ్బే కాదని చెప్పి పంపించేసినట్లు రాయవచ్చు. స్వలింగ ఆకర్షణను మారుస్తామనే చికిత్సలను 2022లో జాతీయ వైద్య కమిషన్ వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. అయినా చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు, అది వేరే సంగతి.

జవాబు: కూకట్‌పల్లి_అమ్మ

పైన రాసిన బాబు మాట నన్ను గుచ్చుకుంది, అయినా ఒక తల్లిగా నా మాటా వినండి. మా అబ్బాయి చెప్పిన రోజున నేను "ముందు తిను, చల్లారిపోతోంది" అన్నాను. అది తప్పించుకోవడమని మీరంటే అనండి. ఆ పూట వాడు కంచం ముందునుంచి లేచి వెళ్లిపోయి ఉంటే మళ్లీ ఆ సంగతి ఎత్తేవాడే కాదు. నాకు మాట కూడగట్టుకోవడానికి కొన్ని నెలలు పట్టింది, అంతకాలమూ వాణ్ని ఇంట్లో నిలిపింది ఆ అన్నమే.

చివరికి నేను ఏమన్నానంటే, ఆ అబ్బాయి మొదటిసారి మా ఇంట్లో రాత్రి ఆగిపోయినప్పుడు, "పక్క ఒకటే వేయనా, రెండు వేయనా?" అని మా వాణ్ని అడిగాను. తల్లుల నోట ప్రసంగాలు రావు. ఇలాంటి ప్రశ్నలు వస్తాయి. మీ మైఖేల్ తల్లి చేత పెద్ద పెద్ద మాటలు చెప్పించకండి.

జవాబు: తైపీ_నుంచి_తార్నాక

కొన్నేళ్లు తైవాన్‌లో చదువుకున్నాను, ఇద్దరు స్త్రీలు లేదా ఇద్దరు పురుషులు 2019 మే 24 నుంచి చట్టబద్ధంగా పెళ్లి చేసుకోగలుగుతున్న దేశమది. మీ చివరి అధ్యాయానికి పనికొచ్చే ఆచారం ఒకటుంది. కొత్త సంవత్సరానికి ఎర్ర కవర్లలో డబ్బు పెట్టి ఇస్తారు. వాడుకగా పెళ్లయినవాళ్లు పిల్లలకూ, పెళ్లికానివాళ్లకూ ఇస్తారు. పెళ్లి చేసుకోని కొడుక్కి ముప్పై ఏళ్లు వచ్చినా పెద్దవాళ్లు కవరు ఇస్తూనే ఉంటారు, ఆ ఇంటి లెక్కలో అతను ఇంకా పిల్లవాడే.

చరణ్‌కు తల్లి కవరు ఇచ్చినట్లు మాత్రం రాయకండి, ఇంటికి వచ్చిన కుర్రాళ్లెవరికైనా ఇస్తారు గనుక దానికి అర్థం ఏమీ ఉండదు. అందుకు బదులు, డబ్బు పెట్టిన ఒక కవరును ఆమె మైఖేల్, చరణ్ ఇద్దరి చేతికీ కలిపి ఇచ్చి, ఆ ఇంట్లోని చిన్నపిల్లకు మీ ఇద్దరి తరఫున ఇవ్వండి అని చెబితే ఎలా ఉంటుందో ఆలోచించండి. పుచ్చుకునేవాళ్ల వరసలోంచి ఇచ్చేవాళ్ల వరసలోకి వాళ్లు ఆ క్షణంలో మారతారు, బల్ల చుట్టూ ఉన్న ప్రతి చైనీయుడికీ అది అర్థమవుతుంది. తాతగారు ఏం చేస్తారన్నది మీ ఇష్టం.

మరో చిన్న సంగతి: చాప్‌స్టిక్‌లు అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, చనిపోయినవారికి వెలిగించే అగరువత్తుల్లా ఉంటాయని. చరణ్ తెలియక గుచ్చితే పక్కన కూర్చున్న మైఖేల్ చటుక్కున తీసేస్తాడు. చేప ఉంటే పూర్తిగా తినేయకుండా కొంత మిగులుస్తారు.

మారేడ్‌పల్లి_కలం

అందరికీ కృతజ్ఞతలు. టోఫూ వడ్డన అలాగే ఉంటుంది, కానీ అధ్యాయం మధ్యలోకి జరుగుతుంది, దానికి ఏ అర్థమూ అంటగట్టను. ముగింపు ఎర్ర కవరుతోనే. "మీ ఇద్దరి తరఫున" అన్న మాట తల్లి హిందీలో, చరణ్‌కు అర్థమయ్యేలా, బల్ల దగ్గర అందరికీ వినపడేలా అంటుంది. తాతగారిని 1962 చూసిన మనిషిగానే రాస్తాను, ఆ రాత్రి ఆయన లేచి వీధివైపు కిటికీ మూసి వచ్చి మళ్లీ కూర్చుంటాడు. సంక్రాంతి ఘట్టంలో చరణ్ తల్లి మైఖేల్‌ను కొడుకు వరసలో కలిపేసుకుంటుంది, చరణ్ దాన్ని అక్కడికక్కడే కాదంటాడు. ఆ సంభాషణ ఎలా వస్తుందో రాస్తే గానీ తెలియదు. చరణ్ తండ్రి ఈ నవలలో ఒప్పుకోడు, అంతే.

రెండో_కడాయి గారూ, ఒక్క సందేహం. హక్కా ఇళ్లలో టోఫూ ఎలా చేస్తారు? శాకాహారి తినగలిగేలా చేయడం కుదురుతుందా?

రెండో_కడాయి

వాళ్లు టోఫూ ముక్క మధ్యలో గుంట చేసి పంది మాంసం ఖీమా కూరి, రెండువైపులా వేయించి, సాస్‌లో మగ్గనిస్తారు. మీ కుర్రాడి కోసమైతే ఖీమా బదులు పుట్టగొడుగులు సన్నగా తరిగి కూరాలి. జాగ్రత్తపడవలసింది రెండింటి దగ్గర: సాస్‌లో పోసే స్టాక్ మామూలుగా చికెన్‌ది, ఆల్చిప్పలతో చేసే ఓయ్‌స్టర్ సాస్ కూడా శాకాహారం కాదు. పుట్టగొడుగులతో చేసిన శాకాహార సాస్ విడిగా సీసాల్లో దొరుకుతుంది, కానీ అన్ని కొట్లలో ఉండదు, ముందే తెప్పించుకోవాలి. పుట్టగొడుగులు కూడా తినని ఇల్లయితే క్యారెట్, బీన్స్ కూరండి. సాస్ మరిగాక చివర్లో కార్న్‌ఫ్లోర్ నీళ్లు పోసి ఒక్క పొంగు రానిచ్చి దించమనండి, ఎక్కువసేపు ఉంచితే టోఫూ విరిగిపోతుంది.