మూత్రాశయం నిండుతున్నా లోపలి ఒత్తిడి ఎందుకు పెరగదు?

ప్రశ్న:
మూత్రాశయంలో 300 మిల్లీలీటర్లు చేరినా లోపలి ఒత్తిడి అంతగా పెరగదని ఫిజియాలజీ పాఠంలో చదివాను. ఇంతగా సాగిన కండరం రబ్బరు బుడగలా ఎదురు ఒత్తకుండా ఎలా ఉంటుంది? ఆ స్థితి నుంచి మళ్లీ అంత బలంగా ఎలా ముడుచుకుంటుంది?

జవాబు 1:
ఖాళీ మూత్రాశయపు లోపలి పొర ముడతలు పడి ఉంటుంది కాబట్టి, మొదట ఆ ముడతలే విచ్చుకుంటాయి. ఆపై మూత్రాశయ గోడలోని డెట్రూసర్ కండర కణాలు, వాటి మధ్యనున్న కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు నెమ్మదిగా సాగుతాయి. హఠాత్తుగా సాగదీస్తే ఒత్తిడి ఒక్కసారి ఎగసినా, అదే స్థితిలో ఉంచితే కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. మూత్రాశయంలోని ఒత్తిడిని కొలిచే యూరోడైనమిక్ పరీక్షలో నీటిని వేగంగా ఎక్కించినప్పుడు గ్రాఫు పైకి లేచి, ఆపగానే కిందికి జారడం చూడవచ్చు.

జవాబు 2:
పై వివరణ సరైనదే గానీ, నాడులను వదిలేస్తే సగమే చెప్పినట్లవుతుంది. నిండే దశలో సింపథెటిక్ నాడులు (మన ప్రమేయం లేకుండా పనిచేసే నాడుల్లో ఒక రకం) విడుదల చేసే నార్‌ఎడ్రినలిన్ కండర కణాల మీది బీటా-3 గ్రాహకాల (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్ల) ద్వారా కండరాన్ని సడలిస్తుంది. అతిచురుకైన మూత్రాశయానికి వాడే మిరాబెగ్రాన్ మాత్ర పనిచేసేదీ అక్కడే. విసర్జన వేళ, అలాంటి నాడుల్లోనే మరో రకమైన పారాసింపథెటిక్ నాడుల నుంచి వచ్చే ఎసిటైల్‌కోలిన్ ఎం3 గ్రాహకాలను ప్రేరేపించగా, కణంలో కాల్షియం పెరిగి మయోసిన్ అనే ప్రోటీన్ పోగు మరో ప్రోటీన్ పోగైన యాక్టిన్‌ను లాగుతుంది. చేతి కండరంలో ఉన్నట్లు ఇక్కడ సార్కోమియర్ల (ఈ పోగులు క్రమంగా అమరిన భాగాల) వరుసలు లేనందున, బాగా సాగిన పొడవులోనూ పట్టు దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం బయటికి వచ్చే దారి ఏళ్ల తరబడి ఇరుకైతే ఈ గుణం నిలుస్తుందా?

జవాబు 2:
మొదట కండరం మందమవుతుంది. తర్వాత కొల్లాజెన్ పేరుకుని గోడ బిరుసెక్కితే, తక్కువ మూత్రానికే ఒత్తిడి పెరిగి కిడ్నీల మీద కూడా భారం పడవచ్చు.