అప్‌డేట్: నేల కింద హీటింగ్, పైపులా ఎలక్ట్రిక్ మ్యాటా?

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మా ఇంటికి కొత్తగా కట్టిస్తున్న వంటగదిలో నేల కింద వేడినీళ్ల పైపులు వేయించాలా, ఎలక్ట్రిక్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే తీగల చాప) సరిపోతుందా అని అడిగాను కదా, తేలిపోయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు నేల కింద ఇన్సులేషన్ చూడండి" అన్న మాటే పనికొచ్చింది (ఇన్సులేషన్ అంటే వేడి కిందికి పోకుండా ఆపే పొర). హీటింగ్ ఇంజినీర్ కూడా మొదట అదే అడిగాడు. స్లాబ్ మీద ఇన్సులేషన్ బోర్డులు పరిచి, పైపులు బిగించి, పైన స్క్రీడ్ (నేలను చదును చేసే సిమెంటు, ఇసుక పొర) పోశారు. వేడినీళ్లలో చల్లనీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వ్‌తో నీళ్లు 40 డిగ్రీలకు సెట్ చేశారు కాబట్టి రేపు హీట్ పంప్ (బయటి గాలిలోనో నేలలోనో ఉన్న వేడిని లాగి నీళ్లు వేడిచేసే యంత్రం, నీళ్లు మరీ వేడిగా అక్కర్లేనప్పుడే బాగా పనిచేస్తుంది) పెట్టుకున్నా ఇబ్బంది లేదు. మ్యాట్ పాత బాత్రూమ్‌కి వేయించాం, కాసేపు వాడే గదికి బిల్లు టెన్షన్ ఉండదు.

పైపుల బ్రాండ్ మీద జరిగిన వాదనంతా అనవసరం. పైన టైల్సా, లామినేటా (చెక్కలా కనిపించే పలకలు) అన్నదీ అంతే. కాకపోతే లామినేట్ అయితే నేల పైన 27 డిగ్రీలు దాటనివ్వకూడదు.

బిల్డర్ ఎంత తొందరపెట్టినా, మామూలు స్క్రీడ్ ఆరడానికి మందంలో మిల్లీమీటరుకు కనీసం రోజు చొప్పున లెక్కేసుకోండి.