పులికాట్ అడుగున మంచినీళ్లు ఊరతాయా?

ప్రశ్న:
మాది తడ వైపు, పులికాట్ ఒడ్డు. ఎండాకాలంలో సరస్సు నీళ్లు సముద్రం కన్నా ఉప్పగా అయిపోతాయి. అయినా ఇసుక దిబ్బ పక్కన చెలమ తీస్తే తాగే నీళ్లు పడతాయి. వల వేసేటప్పుడు కొన్నిచోట్ల కాలికి నీళ్లు వేరేగా తగులుతాయని, రొయ్య పిల్ల అక్కడే ఎక్కువని మా మామయ్య అంటాడు. కాళంగి, స్వర్ణముఖి ఎండిపోయిన నెలల్లో ఈ నీళ్లు ఎక్కడివి?

జవాబు 1:
మీ మామయ్య మాట కొట్టిపారేయకండి. నేను భూగర్భ జలాల పనిలో ఉన్నాను. వాన నీళ్లు ఇసుకలో ఇంకి, తేలిక కాబట్టి ఉప్పునీటి మీద నిలబడతాయి. ఒడ్డున నీటిమట్టం సరస్సు కన్నా ఎత్తుగా ఉన్నంతకాలం ఆ ఒత్తిడికి అడుగు నుంచి ఊరుతూనే ఉంటాయి. ఊరేదంతా మంచినీళ్లే కాదు, ఇసుకలోకి దూరి తిరిగొచ్చే ఉప్పునీళ్లూ ఉంటాయి. రెండూ నేలలోంచి నత్రజని, సిలికా మోసుకొస్తాయి. సిలికా లేనిదే డయాటమ్‌లు అనే కంటికి కనిపించనంత చిన్న నాచు పెరగదు. రొయ్య పిల్లల మేత అలాంటి నాచుతోనే మొదలవుతుంది.

మీరే చూసుకోవచ్చు. పాత డ్రమ్మును అడ్డంగా కోసి, మూత ఉన్న ముక్కను బోర్లించి బురదలో గుచ్చండి. మూతకు గొట్టం, దానికి కాసిని నీళ్లు పోసిన ప్లాస్టిక్ సంచి కట్టండి. కొన్ని గంటలకు సంచిలో నీళ్లు పెరిగితే ఊట ఉన్నట్టే. పరిశోధకులైతే నీటిలో కరిగిన రేడాన్ అనే వాయువును కొలుస్తారు. అది భూగర్భ జలంలో ఎక్కువ, 3.8 రోజుల్లో సగమైపోతుంది. అందుకే సరస్సులో ఎక్కడ కనిపిస్తే అక్కడ నీళ్లు కొత్తగా ఊరినట్టు లెక్క.

జవాబు 2:
ఊటతో ఎరువులూ వస్తాయి, అది మరవకండి. స్పెయిన్‌లో మార్ మెనోర్ అనే సరస్సుంది. చుట్టూ పొలాలే. ఆ పొలాల ఎరువుల్లోని నైట్రేట్ కాలువల్లోంచీ, నేల అడుగునుంచీ చేరింది. 2016లో నీళ్లు పచ్చగా మారి అడుగున గడ్డి చాలావరకు చచ్చిపోయింది. 2019 అక్టోబరులో ఊపిరాడక చేపలు ఒడ్డుకొచ్చి పడ్డాయి. జనం సంతకాలు సేకరించి పోరాడితే 2022లో ఆ సరస్సును చట్టం మనిషిలా హక్కులున్న వ్యక్తిగా గుర్తించింది.

ప్రశ్న వేసినవారు:
మా దగ్గర ఒడ్డునే బోర్లు, రొయ్యల చెరువులు పెరుగుతున్నాయండి. వాటివల్ల ఊట ఆగిపోతుందా?

జవాబు 1:
ఆగడమే కాదు, తిరగబడుతుంది కూడా. బోర్లు లాగేకొద్దీ మట్టం పడిపోయి ఉప్పునీళ్లు మీ చెలమల్లోకి వస్తాయి. డ్రమ్ము పెట్టినప్పుడు రొయ్యల రైతుల దగ్గరుండే, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో సంచి నీళ్లూ, సరస్సు నీళ్లూ పక్కపక్కన చూడండి. మొదట వచ్చేది డ్రమ్ములో ఇరుక్కున్న సరస్సు నీరే, కాబట్టి రెండు మూడు రోజులు కదిలించకుండా వదిలేయండి. బోర్లు ఆడే రోజు, ఆడని రోజు విడివిడిగా రాసి ఇక్కడ పెట్టండి.