లే మాన్ డీజిల్ కార్ల గేర్ల లెక్క ఎవరైనా చెబుతారా?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, డిప్లొమా మెకానికల్ చదువుతున్నాను. వచ్చే వారం సెమినార్‌లో ఫ్రాన్స్‌లో జరిగే లే మాన్ 24 గంటల కార్ల రేసు గెలిచిన డీజిల్ కార్ల గురించి మాట్లాడాలి. టెన్షన్‌గా ఉంది.

2006లో ఆడి కంపెనీ డీజిల్ కారు ఆర్10 టీడీఐ గెలిచింది. అక్కడ డీజిల్ కారు గెలవడం అదే మొదటిసారి. 5.5 లీటర్ల వీ12 (12 సిలిండర్ల) ఇంజిన్, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే రెండు టర్బోలు, 1,100 న్యూటన్ మీటర్లు దాటిన టార్క్ (తిప్పే బలం)! 2009లో ప్యూజో 908 గెలిచేదాకా వరుసగా మూడేళ్లు ఆడిదే. ఇంతవరకు అర్థమైంది.

మా నాయన రేణిగుంట రోడ్డులో లారీ మెకానిక్. ముప్పై ఏళ్లుగా డీజిల్ ఇంజిన్లు విప్పి బిగిస్తున్నారు. "డీజిల్ బండి లాగుతుంది గానీ పరిగెత్తదురా" అంటారు. ఆ మాట తప్పని నేననలేను, ఎందుకంటే ఆర్10 బలమంతా 3,000 నుంచి 5,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మధ్యే. మరి అంత తక్కువ ఆర్‌పీఎంతో గంటకు 300 కిలోమీటర్లు ఎలా దాటింది? అంతా గేర్ నిష్పత్తుల్లోనే ఉందా? అంత టార్క్‌ను క్లచ్, గేర్‌బాక్స్ 24 గంటలు ఎలా తట్టుకున్నాయి?

తెలిసినవాళ్లు చిన్న లెక్కతో తెలుగులోనే వివరించండి. నాయనకు కూడా చదివి వినిపించాలి.